నలభై మిల్లీసెకన్లు

మార్చి 3, సోమవారం

పదకొండు యంత్రాలు వెనక్కి వచ్చాయి. అన్నిటిదీ ఒకటే జబ్బు. స్విచ్ వేస్తే ఎర్రదీపం వెలిగించుకుని కూర్చుంటాయి, లేవవు. ఆపి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు లేస్తాయి. మేనేజరు పదకొండింటినీ నా బల్ల మీద పేర్పించి, "మేడమ్, ఇది మీ శాఖే కదా?" అన్నాడు. నా శాఖే. కరెంటు పారిన క్షణం నుంచి అసలు ప్రోగ్రాం పగ్గాలు అందుకునేదాకా లోపల నడిచేది నా కోడు. పద్దెనిమిదేళ్లుగా నాదే. శుక్రవారానికల్లా చెప్తానన్నాను. గురువారానికే తేలిపోతుంది, కానీ ఒక రోజు చేతిలో ఉంచుకోవడం అనుభవం నేర్పిన పాఠం.

ఇవి ఊపిరితిత్తులు బలహీనమైనవాళ్లు ఇంట్లో పడుకునేటప్పుడు ముఖానికి పెట్టుకునే గాలి యంత్రాలు, మా కొత్త మోడల్. ఒకదానితో పాటు ఉత్తరం కూడా వచ్చింది. రాసినావిడ రిటైరైన టైపిస్టట. "కరెంటు పోయి వచ్చాక మీ పెట్టె లేవలేదు. తరవాత లేచినా నమ్మలేక మూడు రాత్రులు కుర్చీలో కూర్చునే నిద్రపోయాను. దయచేసి నమ్మదగినది పంపండి." ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ ఉత్తరాన్ని మానిటరు అంచుకు అంటించాను.

మార్చి 4, మంగళవారం

పొద్దున కాఫీ తాగుతుంటే అత్తయ్య అడిగింది, "ఏమిటే, నిద్రలో కూడా ఎర్రదీపం ఎర్రదీపం అంటున్నావు?" అని.

చెప్పాను. యంత్రం లేవగానే లోపలున్న ప్రోగ్రాం మనం పెట్టిందేనా, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా అని చూసుకుంటుంది. ప్రోగ్రాం మొత్తానికీ కలిపి ఒక వేలిముద్ర ఉంటుంది. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. ముద్ర కుదిరితే లేస్తుంది, కుదరకపోతే లేవనని మొండికేస్తుంది.

"మంచి పనేగా. మరి గొడవేమిటి?"

"ప్రోగ్రాం మనదే అత్తయ్యా. అయినా ముద్ర కుదరలేదంటోంది."

"అయితే ముద్ర చూసేవాడి కళ్లే తేడాగా ఉన్నాయేమో, చూడు."

ఎనభై ఒక్కేళ్ల మనిషి. నవ్వి ఊరుకున్నాను.

వంటింట్లో ఉప్పు అయిపోయింది. పలక మీద రాశాను, సాయంత్రం ఈయన తేలేదు. మా ఇంట్లో కావలసినవి గుమ్మం పక్కన పలక మీద రాస్తాం. ఈయన అది చూసి తెస్తారు. ప్రూఫులు దిద్దే మనిషి కదా, రాసింది రాసినట్టు తెస్తారు, రాయనిది ప్రాణం పోయినా తేరు. ఒకటో తారీఖున అత్తయ్య ఆ పలకని సబ్బు పెట్టి కడిగేసింది. అప్పటినుంచీ అన్నీ ఇలాగే ఉన్నాయి.

మార్చి 6, గురువారం

తేలిపోయింది. చెప్పానా?

ముద్ర లెక్కగట్టే పని ప్రాసెసర్ చెయ్యదు. అదే చిప్పులో హాషింగ్ కోసమని, అంటే ఈ ముద్రలు తీయడానికే, చిన్న ఇంజిను ఒకటి ఉంది. ప్రాసెసర్ అయితే ఆపసోపాలు పడుతూ చేసే లెక్కని అది చిటికెలో చేస్తుంది. తేడా ఆ ఇంజిన్లో ఉందేమోనని, ఒకే ప్రోగ్రాంకి ముందు ప్రాసెసర్ చేత, తరవాత ఇంజిను చేత ముద్ర తీయించాను. రెండూ కుదిరాయి. ఒకసారి కాదు, దానంతటదే రీసెట్ నొక్కే మీట పెట్టి పదివేలసార్లు లేపించాను. పదివేలసార్లూ పచ్చదీపమే. కాబట్టి ఇంజిను మంచిది, కోడు మంచిది. ఇక మిగిలింది బోర్డు. ప్రోగ్రాం వచ్చి కూర్చునే మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య పోయే రాగి గీతల్లో ఎక్కడో బలహీనత ఉంది. ఇళ్లల్లో వేడికి అక్షరాలు తారుమారవుతున్నాయి.

ఆ గీతలు గీసింది గీతలాయన. అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. మంచివాడు, నిండు కుండ. కానీ మంచితనానికీ రాగి గీతలకీ సంబంధం ఏముంది?

ఉప్పు లేదు. రాశాను కదా అంటే ఈయన పలక చూపించారు. లేదు. ఎవరో తుడిచేసి ఉంటారు.

మార్చి 7, శుక్రవారం

రిపోర్టు ఇచ్చాను. పద్నాలుగు పేజీలు, గ్రాఫులతో. మేనేజరు చివరి పేజీ మాత్రం చదివి, "బోర్డు అన్నమాట" అన్నాడు. సాయంత్రానికల్లా నిర్ణయం అయిపోయింది. కొత్త బోర్డు బయటివాళ్ల చేత గీయిస్తారు. గీతలాయన్ని ఇరవై ఒకటో తారీఖు నుంచి విడిభాగాల గదికి మారుస్తారు. అక్కడ ఆయన గీసేదేమీ ఉండదు, డబ్బాల మీద చీటీలు అంటించడమే.

నేను రాసింది బోర్డు గురించి. మనిషి గురించి ఒక్క మాట రాయలేదు.

మార్చి 10, సోమవారం

మా ల్యాబులో మేకుల గోడ ఉంది. ఎవరి పొరపాటు వల్ల యంత్రం పోయిందో వాళ్లే ఆ బోర్డుకి చీటీ కట్టి మేక్కి తగిలించాలి. చీటీ మీద పేరు, కారణం సొంత దస్తూరీలో రాయాలి. ఒకరిది ఇంకొకరు తగిలించకూడదు, తగిలించింది ఇంకొకరు తీయకూడదు. గోడ మీద ఇరవై ఆరు బోర్డులున్నాయి. మేనేజరువి మూడు. నాది ఒక్కటీ లేదు. కొత్తగా చేరినవాళ్లకి గోడ చూపించేటప్పుడు ఈ సంగతి వాళ్లంతట వాళ్లే గమనించేలా చూస్తాను.

ఈరోజు గీతలాయన టైపిస్టు గారి యంత్రంలోంచి తన బోర్డు విప్పి తగిలించాడు. ఏమీ వాదించలేదు. ఆయన వెళ్లాక చీటీ చదివాను. పేరు రాశాడు. కింద, "కారణం: ఇంకా తెలియదు."

ఒళ్లు మండింది. పద్నాలుగు పేజీలు ఏమైనట్టు? క్యాంటీనులో పట్టుకుని అడిగేశాను.

"మీరు రాసిందంతా చదివానండీ" అన్నాడు, పళ్లెం పక్కకు జరిపి. "గీతల్లో తేడా ఉంటే ఎండాకాలం ఎక్కువ రావాలి. ఈ పదకొండులో తొమ్మిదింటికి జబ్బు చలికాలంలో వచ్చింది."

"అంటే నా రిపోర్టు తప్పంటారా?"

"అననండీ. రెండు ప్రశ్నలున్నాయి, అంతే. ముద్ర తీయించినప్పుడు ముందు ప్రాసెసర్, తరవాత ఇంజిను అన్నారు. అటుది ఇటు చేసి చూశారా?"

"ఏది ముందైతే ఏమిటండీ? లెక్క మారుతుందా?"

"మారకూడదు. రెండోది, పదివేలసార్లూ రీసెట్టే నొక్కారు. ప్లగ్గు పీకి చూశారా? ఇళ్లల్లో రీసెట్ ఎవరూ నొక్కరు కదమ్మా, కరెంటే పోతుంది."

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఈ వయసులో డబ్బాల గదికి పొమ్మంటే ఎవరికైనా కష్టమే.

మార్చి 11, మంగళవారం

ప్లగ్గు పీకలేదు. పీకవలసిన అవసరం లేదు.

మార్చి 12, బుధవారం

ఆయన తృప్తి కోసం పీకాను. పీకి, పది నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టడం. పది యంత్రాలు, ఒక్కొక్కటి ఆరుసార్లు. అరవైలో ఒక ఎర్రదీపం.

ఒక్కటే. యాదృచ్ఛికం.

మార్చి 13, గురువారం

మళ్లీ అరవై. మళ్లీ ఒకటి.

ఎలాగూ కూర్చున్నాను కదా అని, ఇంజినుని ముందు పెట్టి ప్రాసెసర్‌ని తరవాత పెట్టాను. మధ్యాహ్నం మూడున్నరకి ఎర్రదీపం వచ్చినప్పుడు చూస్తే ఇంజిను తీసిన ముద్ర తప్పు, ఆ వెంటనే ప్రాసెసర్ తీసిన ముద్ర ఒప్పు. ప్రోగ్రాం అదే, మెమరీ అదే. అక్షరాలు తారుమారైతే ఇద్దరికీ తప్పు రావాలి.

దీనివల్ల బోర్డు నిర్దోషి అని రుజువైపోయినట్టు కాదు. ఇంజిను చదివే దారి వేరు కావచ్చు. ఆ దారి కూడా బోర్డు మీదే కదా.

ఇంజిను ప్రాసెసర్ ఉన్న చిప్పులోనే ఉంటుందని మొన్న నేనే రాశాను. ఇప్పుడే చూశాను.

మార్చి 14, శుక్రవారం

గీతలాయన డెస్కు సర్దుకుంటున్నాడు. భూతద్దం మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టాడు. "ప్లగ్గు పీకారా అమ్మా?" అని అడిగాడు. "చూస్తున్నానండీ" అన్నాను. అబద్ధం కాదు.

మార్చి 16, ఆదివారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున అత్తయ్య వంట మొదలుపెట్టి ఉప్పు డబ్బా తలకిందులు చేసి చూపించింది. పక్కింటివాళ్లని అడిగి తెచ్చుకుంటూ రెండు వారాలైంది. ఇక నాకు ఓపిక నశించింది. "పలక మీద మూడుసార్లు రాశాను, ఈయనకి కళ్లు కనబడవా?" అన్నాను.

ఈయన పేపరు దించారు. "ఏ రోజు రాశావు?"

"మంగళవారం, గురువారం, నిన్న."

"ఇదిగో పలక. నిన్నటి నీ దస్తూరీలోనే సబ్బు ఉంది, అగ్గిపెట్టె ఉంది. ఉప్పేదీ?"

లేదు. సబ్బు, అగ్గిపెట్టె. వాటి కింద ఉప్పు అని రాయబోతూ ఉండగా ఫోను మోగడం, ఎత్తడం, చాక్‌పీసు అక్కడ పెట్టడం అన్నీ గుర్తొచ్చాయి. రాశానన్న నమ్మకం మాత్రం రాసినంత గట్టిగా ఉంది.

"మరి కిందటి నెలలన్నీ తెచ్చారుగా?" అన్నాను, ఓడిపోవడం ఇష్టం లేక.

దానికి జవాబు అత్తయ్య చెప్పింది. "కిందటి నెల దాకా పలకని ఎవరు తుడిచారే? ఉప్పు, పప్పు, నూనె అని ఎప్పుడో రాసినవి అలాగే ఉండేవి. నువ్వు రాసినా రాయకపోయినా వాడు పాతది చూసి తెచ్చేవాడు. నేను కడిగాక కదా నీ బండారం బయటపడింది. నీ మనసులో రాసుకుంటే వాడికెలా తెలుస్తుంది? వాడు చూసేది పలకని."

వాడు చూసేది పలకని.

ప్రాసెసర్ ప్రోగ్రాంని మెమరీలో రాస్తుంది. నిజానికి వెంటనే రాయదు. చివరి ముక్క కొంతసేపు తన దగ్గరే, క్యాషే అనే చిన్న అరలో పెట్టుకుని, రాసేశానులే అనుకుంటుంది. మనసులో రాసుకోవడమే. ఇంజిను ఆ మనసులోకి చూడలేదు, నేరుగా మెమరీ చదువుతుంది. అది చూసేది పలకని. మధ్యలో వేరే పనులేవో తగిలి చాలాసార్లు ఆ ముక్క దానంతటదే కిందికి దిగుతుంది. అరవైలో ఒకసారి దిగదు. అందుకే ఇంజినుకి పని అప్పగించే ముందు, నీ దగ్గరున్నదంతా మెమరీలోకి దింపు అని ప్రాసెసర్‌కి ఒక ఆజ్ఞ ఇవ్వాలి. ఒక్క లైను.

రీసెట్ నొక్కితే మెమరీ ఏదీ మరిచిపోదు, కిందటిసారి రాసిన ప్రోగ్రాం అక్కడే ఉంటుంది. పాత పలక. ముద్ర కుదిరిపోతుంది. ప్లగ్గు పీకితే పలక కడిగినట్టే. నేనేమో ముందు ప్రాసెసర్ చేత ప్రోగ్రాం మొత్తం చదివించేదాన్ని. ఆ చదువులోనే మనసులోది కిందికి దిగిపోయేది. అంటే నేను తనిఖీ చేసిన ప్రతిసారీ, నా తనిఖీయే జబ్బుని నయం చేసి పంపింది.

"ఏమైందే?" అంది అత్తయ్య.

"మీ కాళ్లకి దండం పెట్టాలి అత్తయ్యా."

"ముందు ఉప్పు పట్రా" అంది.

మార్చి 17, సోమవారం

కోడు తెరిచాను. ఆ లైను లేదు. పాత మోడల్ కోడులోనూ లేదు. కానీ పాత ప్రాసెసర్‌కి క్యాషే పిసరంత, ఎక్కువసేపు దాచుకునే చోటే లేదు. కొత్తదానికి పదహారింతలు. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు.

లైను చేర్చాను. ప్లగ్గు పీకి రెండువందల నలభైసార్లు లేపాను. అన్నీ పచ్చదీపాలే. నేనేం చెప్పాను, తేల్చేస్తానని చెప్పలేదూ? ఇల్లంతా, ఆఫీసంతా కలిసి వెతికినా దొరకనిది పట్టుకున్నాను.

అంత అవసరమైన లైను మొదట్లో లేకుండా ఉండదు, ఎవరో మహానుభావుడు ఎప్పుడో పీకేసి ఉంటాడు. కోడు చరిత్ర చూద్దామంటే, మూడేళ్ల కింద పాత సర్వరు నుంచి కొత్తదానికి మార్చినప్పుడు అంతకు ముందుదంతా పోయింది. ఎవరు తీశారో ఇక ఎవరూ చెప్పలేరు. నాకైతే గుర్తులేదు.

మేనేజరుకి పంపడానికి ముసాయిదా రాశాను: "బోర్డులోని బలహీనతను సాఫ్ట్‌వేర్ ద్వారా అధిగమించడమైనది." ఒక విధంగా నిజమే. యంత్రాలు బాగుపడతాయి, టైపిస్టు గారు మంచం మీద పడుకుంటారు. అందరికీ కావలసింది అదే.

మార్చి 18, మంగళవారం

ముసాయిదా పంపలేదు. భాష కొంచెం సరిచూడాలి.

నాకు గుర్తులేదు.

పాత డైరీలు అటక మీద ఉన్నాయి. చూడవలసిన అవసరం లేదు.

మార్చి 19, బుధవారం

సెలవు పెట్టి చూశాను. నాలుగేళ్ల కిందటి డైరీ, నీలం అట్ట, జూన్ 9. ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను:

"ఈరోజు లోకాన్ని జయించాను. యంత్రం సెకనులోపు లేవాలన్నారు కదా, ఇంకా నలభై మిల్లీసెకన్లు తగ్గాలి. కోడంతా గాలించి ఒక్క లైను తీసేశాను. క్యాషేని మెమరీలోకి దింపే లైను. దండగ. పదివేలసార్లు రీసెట్ కొట్టి చూశా, ఏమీ కాలేదు. మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. గీతలాయన మాత్రం 'ఆ లైను ఎందుకు పెట్టారో కనుక్కున్నారా అమ్మా?' అన్నాడు. అసూయ!"

గుమ్మడికాయల దొంగెవరంటే రెండు వారాలుగా నేను భుజాలు తడుముకోలేదు, పక్కవాడి భుజాలు తడిమాను. సిగ్గేసింది. సిగ్గేసిందని రాస్తే సగమే రాసినట్టు. ఆ పేజీని ఎవరూ చూడరని తెలిసి మొదట కలిగింది సిగ్గు కాదు, ఊరట. ఆ ఊరట చూసుకుని అప్పుడు సిగ్గేసింది.

అత్తయ్య అటక కింద నిచ్చెన పట్టుకుని నిలబడే ఉంది. "దొరికిందా?" అంది. దొరికిందన్నాను.

మార్చి 20, గురువారం

మేనేజరు గదిలోకి వెళ్లి కుర్చీలో కూర్చోకుండానే చెప్పేశాను. బోర్డులో ఏ లోపం లేదు. లైను తీసింది నేను.

"చరిత్ర అంతా పోయింది కదా మేడమ్. మీరేనని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను. మీకు కావాలంటే కాగితం ఉంది."

"పద్నాలుగు పేజీల రిపోర్టు పైదాకా పంపానండీ నేను!"

"పదిహేనో పేజీ ఇస్తాను, అదీ పంపండి."

ఇలా అన్నందుకు లోపల కొంచెం గర్వపడ్డాను. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

బయటివాళ్లకి బోర్డు అప్పగించడం ఆగింది. గీతలాయన బదిలీ ఆగింది. ఇకమీదట నా కోడులో లైను తీసినా పెట్టినా గీతలాయన ప్లగ్గు పీకి చూసి సంతకం పెట్టాలి. ఈ షరతు పెట్టింది నేనే. మేనేజరు వెంటనే ఒప్పుకున్నాడు. అంత వెంటనే ఒప్పుకుంటాడనుకోలేదు.

మార్చి 21, శుక్రవారం

గీతలాయన మేక్కున్న తన బోర్డు తనే తీశాడు. చీటీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. బోర్డులో నా కొత్త కోడు ఎక్కించి, ప్లగ్గు పెట్టి, పీకి, పది నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడి, మళ్లీ పెట్టాడు. పచ్చదీపం.

"ఇది ఇలా ఇవ్వండి" అన్నాను. "నా పేరు రాసి తగిలిస్తాను. పద్ధతి పద్ధతే."

"బతికున్న బోర్డుని ఎలా తగిలిస్తారమ్మా? దీన్ని ఆ టైపిస్టు గారి పెట్టెలో పెట్టి పంపిద్దాం."

"మరి నేనేం తగిలించాలి?"

ఆ మేకు ఖాళీగా ఉంది. సంచిలోంచి నీలం అట్ట డైరీ తీసి, జూన్ 9 పేజీ చింపాను. ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నాను, ఒక్క పేజీ చింపలేదు. ఎవరికీ చూపించలేదు. లోకాన్ని జయించాను దగ్గర్నుంచి అసూయ దాకా మొత్తం పేజీని మేక్కి గుచ్చాను. కింద పేరు రాశాను. కారణం ఆ పేజీలోనే ఉంది.

గీతలాయన కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివాడు. చివరి మాట దగ్గర ఆగాడు.

"అసూయ కాదమ్మా" అన్నాడు. "నిజంగానే ఆ లైను ఎందుకు పెట్టారో నాకూ తెలియదు. తెలుసుకుందామనే అడిగాను."

ఆ మాటకి ఏడుపొచ్చింది. ల్యాబులో అందరి ముందూ ఏడ్చాను. ఆయన భూతద్దం చుట్టిన మెత్తటి గుడ్డ తీసి ఇచ్చాడు.

మార్చి 24, సోమవారం

టైపిస్టు గారికి యంత్రం వెళ్లింది. పెట్టెలో ఉత్తరం పెట్టాను, చేత్తో రాసి. రెండు చోట్ల కొట్టివేతలున్నాయి, అలాగే పంపాను.

యంత్రం ఇప్పుడు నలభై మిల్లీసెకన్లు ఆలస్యంగా లేస్తోంది. ఎవరూ గమనించలేదు.

పలక మీద ఉప్పు రాశాను. లేచి వెళ్లి చూసి వచ్చాను. ఉంది.